గుట్టను కాసిన ఊళ్ళు

సంక్రాంతి దాటిందంటే అనంతపురం వైపు గుట్టల మీద కసువు ఎండి పసుపురంగుకు తిరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అది దారిన పోయేవాడు ఆర్పకుండా పారేసిన బీడీ కావచ్చు. ఎండుగడ్డి కాలిస్తే వాన పడగానే లేత పచ్చిక లేస్తుందన్న పాత నమ్మకంతో ఎవరో పెట్టిన నిప్పు కావచ్చు. గాలి ఎటు లాగితే మంట అటు పోతుంది. చాలాచోట్ల అది తనంతట తాను ఆరిపోయేదాకా ఎవరూ కదలరు. ప్రభుత్వ భూమి, అందులోనూ బంజరు. కాలితే ఎవరి సొమ్ము పోయింది?

చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల్లోని కల్పవల్లి గుట్టల్లో మాత్రం పొగ కనిపిస్తే ఊళ్ళు కదులుతాయి. ముష్టికోవెల, కోగిర, శాపురం లాంటి పల్లెల నుంచి మనుషులు పచ్చికొమ్మలు విరుచుకుంటూ గుట్ట ఎక్కి, మంటను కొట్టి కొట్టి ఆర్పుతారు. అంతకంటే ముందే, ఎండలు ముదరకముందే, నిప్పు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దాటకుండా గుట్టల పొడవునా గడ్డి చెక్కి ఖాళీ బాటలు తీసి ఉంచుతారు. ఇది ఏటా చేయాల్సిన చాకిరీ. ఒక్క ఏడు ఏమరుపాటుగా ఉంటే పదేళ్ళు పెరిగిన చెట్లు ఒక్క మధ్యాహ్నంలో పోతాయి.

కల్పవల్లి రిజర్వు ఫారెస్టు కాదు, ఎవరి పట్టా భూమీ కాదు. ఏడు వేల ఎకరాలకు పైబడిన ఈ గుట్టలు, వంకలు, పచ్చికబీళ్ళు రెవెన్యూ లెక్కల్లో బంజరు. 2022 ఏప్రిల్ దాకా ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. మూడు దశాబ్దాల కిందట ఇక్కడ గుట్టలంటే రాళ్ళు, వాటి మధ్య కాసిన్ని ముళ్ళపొదలు. ఇవాళ అదే చోట వేప, తంగేడు, సీతాఫలం, రేగు, కానుగ ఉన్నాయి. వంకల వెంబడి ఈతచెట్లు గుబురుగా లేచాయి. నడుమెత్తు గడ్డిలో కృష్ణజింకలు తిరుగుతాయి. తోడేళ్ళు, చిరుతలు, ఎలుగుబంట్లు వచ్చి చేరాయి. ఇంత మార్పుకు మూలం ఏ పెద్ద పథకమూ కాదు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, వాళ్ళకు తోడు నిలిచిన ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ.

ఆ సంస్థ పేరు టింబక్టు కలెక్టివ్. బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు కలిసి 1990లో మొదలుపెట్టారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని, దానికి టింబక్టు అని పేరు పెట్టుకుని, అక్కడే కాపురం ఉండి పనిలోకి దిగారు. జపాన్ రైతు మసనోబు ఫుకుఓకా ఆలోచనలు వాళ్ళను బాగా కదిలించాయి. ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో తెలుగులోకీ వచ్చిన ఆయన పుస్తకం చెప్పేదాని సారం ఒక్కటే: నేలకు ఏదో చేసేయాలని తొందరపడకుండా ముందు దాని పనిని దాన్ని చేసుకోనివ్వాలి. వాళ్ళు తమ బీడులో పశువులను, నిప్పును, గొడ్డలిని దూరంగా ఉంచి చూశారు. కొన్నేళ్ళకే మొలకలు, పొదలు, ఆ పైన చెట్లు. పక్క ఊళ్ళ రైతులు వచ్చి ఆ మార్పును కళ్ళారా చూశారు. 1990ల మొదట్లో ముష్టికోవెల వాళ్ళు తమ ఊరి గుట్టల మీద అదే చేయడానికి ముందుకొచ్చారు. తర్వాత ఒక్కో ఊరూ కలిసింది.

ఇక్కడ కాస్త ఆగి ఈ పని ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి. ఎందుకంటే పచ్చదనం అనగానే మనకు మొక్కలు నాటడమే గుర్తొస్తుంది. గుంతలు తీయడం, మొక్క పెట్టడం, ఫొటో దిగడం. అనంతపురం నేలకు ఆ లెక్క సరిపోదు. నైరుతి రుతుపవనాల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన పడితే అదే గొప్ప. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మొదటి వేసవి దాటడమే కష్టం.

కానీ బోడిగుట్ట పూర్తిగా చచ్చిన గుట్ట కాదు. పైన నరికేసిన చెట్టు కింద వేరు చాలా ఏళ్ళు బతికే ఉంటుంది. ప్రతి వానాకాలం అది ఒక చిగురు వేస్తుంది. ఆ చిగురును మేక కొరుకుతుంది, లేదా వేసవి మంట మాడ్చేస్తుంది, లేదా వంటచెరకు కోసం కొడవలి పడుతుంది. వరుసగా నాలుగైదేళ్ళు ఈ మూడు బెడదల నుంచి కాపాడితే చిగురు మనిషెత్తు దాటుతుంది. లోతుకు దిగిన పాతవేరు దానికి అప్పటికే ఉంది కాబట్టి కొత్త మొక్కకు లేని దమ్ము దానికి ఉంటుంది. ఈలోగా గడ్డి నేలను పట్టుకుంటుంది. వాన చినుకు నేరుగా మట్టి మీద పడి కోసుకుపోకుండా గడ్డిలో నెమ్మదించి లోపలికి ఇంకుతుంది. కల్పవల్లిలో విత్తనాలూ చల్లారు, కొంత మేర మొక్కలూ నాటారు. అయితే అడవిలో ఎక్కువ భాగం తనంతట తాను లేచింది. మనుషులు చేసిన పెద్ద పని కాపలా.

కాపలా అనడం తేలిక, చేయడం కష్టం. ఈ గుట్టల మీద ఆధారపడి బతికేవాళ్ళు చాలామంది. గొర్రెలు, మేకలు మేపుకునే కురుబలు ఉన్నారు. వంటచెరకుకు వచ్చే ఆడవాళ్ళు ఉన్నారు. ఈత ఆకుతో చీపుర్లు, బుట్టలు చేసి అమ్ముకునే కుటుంబాలు, ఇంటి కప్పుకు బోదగడ్డి కోసుకునేవాళ్ళు ఉన్నారు. వీళ్ళందరినీ కంచె వేసి బయట పెడితే రాత్రికి రాత్రి కంచె పోతుంది. అందుకని ఊళ్ళు రచ్చకట్టల దగ్గర కూర్చుని కట్టుబాట్లు పెట్టుకున్నాయి. పచ్చిచెట్టు మీద గొడ్డలి వేయకూడదు. ఎండుపుల్లలు ఏరుకోవచ్చు. జీవాలను మేపుకోవచ్చు, చెట్టు కొమ్మలు నరికి వేయకూడదు. నిప్పు పెడితే జరిమానా. గడ్డి, ఈతాకు, పండ్లు పేదలకు అందాలి. ప్రతి ఊరికీ ఒక కమిటీ, అవన్నీ కలిసి ఒక సహకార సంఘం. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అది రిజిస్టరైంది.

గుట్టలు తిరిగే కాపలావాళ్ళకు కొంత జీతం ఉంటుంది. మంటలార్పడానికి పరుగెత్తే మిగతావాళ్ళకు మాత్రం కూలి ఎవరూ ఇవ్వరు. అయినా వస్తారు. గుట్ట కాలితే మరుసటి నెల జీవాలకు మేత ఉండదని ప్రతి కాపరికీ తెలుసు. వంకలో నీరు ఆగితే ముష్టికోవెల చెరువు నిండుతుందని, చెరువు నిండితే ఆయకట్టు పండుతుందని, ఊటబావుల్లో నీరు పైకొస్తుందని రైతుకు తెలుసు. పట్నంలో స్వచ్ఛంద సేవ అంటే ఆదివారం పూట తీరిక చేసుకుని చేసే మంచిపని. ఇక్కడ అది మేతా నీళ్ళూ కూడూ. ముప్పై ఏళ్ళు నిలబడడానికి అసలు కారణం అదేనని ఒప్పుకోవాలి. మంచి మనసు ఒక్కటే అయితే ఇన్ని కరువుల్లో ఏనాడో వాడిపోయేది.

ఇంత జరిగాక కూడా ఆ భూమి మీద ఆ ఊళ్ళకు రాతపూర్వకమైన హక్కు గట్టిగా లేదు. అసలు చిక్కు అక్కడుంది.

2010 తర్వాత రాయలసీమ గుట్టల మీదికి గాలిమరలు పెద్ద ఎత్తున వచ్చాయి. గాలి బాగా వీచే ఎత్తైన చోట్లు కావాలి, ప్రభుత్వ భూమైతే సేకరణ తలనొప్పి ఉండదు. రెవెన్యూ కాగితం మీద కల్పవల్లి అచ్చం అలాంటి భూమే: ఎత్తు ఉంది, గాలి ఉంది, బంజరు అని రాసి ఉంది. ఒక పవన విద్యుత్ ప్రాజెక్టుకు అక్కడ స్థలాలు దక్కాయి. భారీ రెక్కలను, స్తంభాలను పైకి తీసుకెళ్ళడానికి గుట్టలను తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. తవ్విన మట్టి, రాళ్ళు వాలుల మీదికి జారాయి. వానలకు ఆ మట్టి వంకల్లోకి దిగింది. ఏళ్ళ తరబడి చిగురు చిగురుగా కాపాడిన చెట్లు దారికి అడ్డమై కూలాయి. గ్రామ సంఘాలు, సంస్థ అభ్యంతరం చెప్పాయి. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది.

ఇందులో చట్టపరమైన ఒక వెలితి చాలామందికి తెలియదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద పెద్ద గనులు, ఆనకట్టలు, థర్మల్ కేంద్రాలు ముందస్తు అనుమతి తీసుకోవాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. పవన విద్యుత్తు ఆ జాబితాలో లేదు. బొగ్గు కాల్చని కరెంటు మనకు అవసరమే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ కరెంటు కోసం ఏ గుట్టను తొలవాలో తేల్చే ముందు ఆ గుట్ట మీద ఎవరు బతుకుతున్నారో, ఎవరు దాన్ని కాపాడారో అడిగే దశ ఒకటి ఉండాలి. ఆ భూమి ఎవరిదో రాసుకోవడానికి రెవెన్యూ రికార్డులో గడి ఉంది. దాన్ని ఎవరు బాగుచేశారో రాసుకోవడానికి మాత్రం ఏ గడీ లేదు.

ఈ అలవాటు పాతది. శిస్తు రాని భూమి పనికిరాని భూమి అన్న లెక్క తెల్లదొరల కాలం నుంచి వస్తోంది. స్వతంత్రం వచ్చాకా అది పోలేదు. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు పెట్టారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని మన రిమోట్ సెన్సింగ్ సంస్థే ఉపగ్రహ చిత్రాలతో దేశంలోని బంజరు భూములకు అట్లాసు తయారు చేసింది. సాంకేతికంగా గొప్ప పనే. కానీ ఆకాశం నుంచి బీడులా కనిపించే చోటే ఊరి గొర్రెల మేత, మందుమొక్కలు, దేవరగుట్ట, చెరువుకు నీరు తెచ్చే వాలు అన్నీ ఉంటాయి.

ఉమ్మడి భూమిని జనానికి వదిలేస్తే పాడు చేస్తారన్న వాదన ఒకటుంది. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాసిన వ్యాసంతో అది ప్రపంచమంతా పాకింది. పచ్చికబీడు అందరిదైతే ప్రతివాడూ ఒక పశువును అదనంగా తోలుతాడు, చివరికి బీడు మిగలదు అన్నది ఆయన లెక్క. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ ఈ లెక్కను ఊళ్ళ అనుభవంతో సరిచూసింది. స్విట్జర్లాండ్ కొండ మేతలు, జపాన్ ఊరి అడవులు, స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ సాగునీటి సంఘాలను పరిశీలించి 1990లో పుస్తకం రాసింది. ఎవరికి ఎంత అన్నది ఊరే తేల్చుకుని, తప్పు చేసినవాణ్ణి ఊరే అడిగే చోట ఉమ్మడి వనరులు వందల ఏళ్ళు నిలిచాయని చూపింది. పైవాళ్ళు ఆ కట్టుబాట్లను గుర్తించి గౌరవించడం కూడా ఆమె చెప్పిన షరతుల్లో ఒకటి. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. 2011 జనవరిలో ఉమ్మడి వనరుల మీద అంతర్జాతీయ సదస్సు హైదరాబాద్‌లో జరిగినప్పుడు ఆమె ఇక్కడికి వచ్చింది. సరిగ్గా అదే నెల 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి వాటిని గ్రామానికి తిరిగి అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ ఆదేశాలిచ్చింది.

కాగితం చేతికొస్తే ఏమవుతుందో తెలియాలంటే గోదావరికి అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు వెళ్ళాలి. మెంఢా లేఖా అనే చిన్న గోండు పల్లె చాలా ఏళ్ళు తన అడవిని తానే కాసుకుంది. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఆ ఊరికి సామూహిక హక్కు దక్కింది. 2011లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వెళ్ళి, వెదురు రవాణాకు అనుమతి పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టే ఏర్పాటు చేశారు. వెదురు డబ్బు ఊరికి చేరింది. మన దగ్గర 1992లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన వన సంరక్షణ సమితుల అనుభవం వేరు. ఊళ్ళు ఉత్సాహంగా కదిలాయి, అడవి బాగా కోలుకున్న చోట్లూ ఉన్నాయి. కానీ నిర్ణయం, పద్దు అటవీ శాఖ దగ్గరే ఉన్నాయి. నిధుల కాలం ముగిశాక అనేక సమితులు పేరుకే మిగిలాయి.

నగరంలో ఈ కథ ఇంకో రూపంలో నడుస్తోంది. హైదరాబాద్ గుండ్రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. డైనమైట్ పెట్టి వాటిని కంకరగా మారుస్తుంటే చూడలేక కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టుకున్నారు. మాజీ ఐఏఎస్ అధికారి, నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి పెద్దదిక్కుగా నిలిచారు. జర్మనీలో పుట్టి హైదరాబాదీగా స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ దశాబ్దాల పాటు ఆ పనిని భుజాన వేసుకున్నారు. నెలనెలా జనాన్ని రాళ్ళ దగ్గరికి నడిపించడం, ఫొటోలు తీయడం, ఉత్తరాలు రాయడం, కోర్టుకెళ్ళడం. వాళ్ళ పట్టుదలతో తొమ్మిది శిలా సముదాయాలు నగర వారసత్వ జాబితాలో చేరాయి. కోటలు, మసీదులు, దేవిడీల పక్కన మనిషి కట్టని రాళ్ళకు చోటు దక్కడం మామూలు విజయం కాదు. జాబితాకెక్కని రాళ్ళు ఎన్ని పోయాయో గచ్చిబౌలి, మణికొండ వైపు వెళ్ళినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

అమీన్‌పూర్ చెరువుదీ ఇలాంటి దారే. పక్షుల కోసం వచ్చేవాళ్ళు, గట్టు శుభ్రం చేసే వలంటీర్లు కలిసి చేసిన పనితో 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా గుర్తింపు వచ్చింది. నగర చెరువుకు ఆ హోదా దక్కడం దేశంలో అదే మొదలు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల కొట్టివేతను ఆపించింది. అక్కడ ఏం బతుకుతోందో చెప్పడానికి విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్ళుగా తమ ఇష్టం కొద్దీ రాసుకున్న జాబితాలు అక్కరకొచ్చాయి. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రెండు వందలకు పైగా పక్షి జాతులున్నాయన్న సంగతి ఏ ఒక్క రోజులోనో తేలింది కాదు.

ఈ అన్నిచోట్లా ఒకే పాఠం కనిపిస్తుంది. మనుషులు కాయకపోతే నేల బాగుపడదు. కాసినా, ఆ కాపలా రికార్డుకు ఎక్కకపోతే ఆ నేల వాళ్ళ చేతిలో మిగలదు. పద్మశ్రీ అందుకున్న ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య లాంటివాళ్ళు జీవితమంతా మొక్కలకే అంకితం చేశారు, వారికి ఎంత మర్యాద చేసినా తక్కువే. అయితే వారికి కప్పే శాలువాతో పాటు ఊరుమ్మడి భూమికి ఒక హద్దురాయి, ఒక తీర్మానం, రిజిస్టర్లో ఒక పేరు కూడా కావాలి.

దీనికి కొత్త చట్టం కోసం ఎదురు చూడనక్కరలేదు. ఊరి మేత పోరంబోకులు, కళ్ళాలు, వల్లకాళ్ళు, బండిబాటలు, తోపులు గ్రామ పంచాయతీ అధీనంలో ఉంటాయని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊళ్ళోని మొక్కలు, జంతువులు, వాటి వాడకం గురించి ప్రజా రిజిస్టరు రాయాలి. గుర్తించదగిన ప్రాంతాన్ని వారసత్వ ప్రాంతంగా ప్రకటించే అధికారం రాష్ట్రానికి ఉంది, దానికి అది అడవే అయి ఉండాలన్న నియమం లేదు. చాలా ఊళ్ళలో ఆ కమిటీ ఉందో లేదో, రిజిస్టరు ఎవరి బీరువాలో ఉందో వార్డు సభ్యులకే తెలియదు.

ఈసారి గ్రామసభ జరిగినప్పుడు ప్రతి పాఠకుడూ మూడు ప్రశ్నలు అడగాలి. మన ఊరి ఉమ్మడి భూములు ఏ సర్వే నంబర్లలో, ఎన్ని ఎకరాలు ఉన్నాయి? వాటి హద్దులు చివరిసారి ఎప్పుడు కొలిచారు? జీవవైవిధ్య రిజిస్టరు ఎక్కడుంది? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. మీ ఊరి గుట్టను, బీడును, వంకను ఎవరైనా కాస్తూ ఉంటే వాళ్ళ పేర్లు, వాళ్ళు చేస్తున్న పని గ్రామసభ తీర్మానంలో రాయించండి.